తొడుగు తీసిన మందు

కరోనా రెండో అల తగ్గిన మరుసటి ఏడాది నేను తిరుపతిలోని ఒక బోధనాసుపత్రిలో జీర్ణకోశ వ్యాధుల విభాగానికి అధిపతిగా ఉన్నాను. పదవీ విరమణ దగ్గరపడింది. విభాగాధిపతి అంటే పెద్ద గది, చిన్న ఫ్యాను. వారంలో సగం రోజులు ఓపీ, సగం రోజులు ఎండోస్కోపీ. నా కింద పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్లలో డాక్టర్ హసీనా అందరికంటే చిన్నది. కొత్తగా వచ్చిన పరిశోధనా పత్రాలన్నీ ఆమె చదివేది. నేను చదివినట్టు తల ఊపేవాణ్ణి.

మా నాయనకు చిత్తూరులో చిల్లరంగడి ఉండేది. గల్లాపెట్టె పక్కన కూర్చుని పాఠాలు వల్లించినవాణ్ణి కాబట్టి నాకు వైద్యం కంటే ముందు బేరం వచ్చింది. అది ఓపీలో బాగా పనికొచ్చింది. కట్ట బీడీలు తాగేవాణ్ణి రెండుకు దించడం, పథ్యం నెల అడిగి పక్షానికి ఒప్పుకోవడం, అంతా బేరమే. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి, వరదాచారి గారు వచ్చేదాకా.

ఆయన పూతలపట్టుకు అవతల ఒక చిన్న పెరుమాళ్ళ గుడిలో మడపల్లి చూసుకునేవారు. మడపల్లి అంటే నైవేద్యం వండే వంటశాల. నలభై దాటిన మనిషి. పెద్దపేగు పూతకు మా దగ్గరే మందు వాడుతున్నారు. వైద్యభాషలో దాన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటాం. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక శక్తి తన పేగు మీదే తిరగబడే జబ్బు అది. నెత్తురు విరేచనాలవుతాయి. రోజూ మాత్రలు వేసుకుంటే అణిగి ఉంటుంది, పూర్తిగా పోదు. ఇతరులకు అది ఇబ్బంది. ఆయనకు బతుకుతెరువు ప్రశ్న. దొడ్డికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ తలస్నానం చేసి మడి కట్టుకుంటే గానీ ఆయన పొయ్యి దగ్గరికి పోకూడదు. జబ్బు లేచిన రోజుల్లో ఎన్నిసార్లు వెళితే అన్నిసార్లు తడిసేవారు. “పేగు కంటే జలుబే నన్ను సంపేస్తాండాది సార్” అని మొదటిసారి చూపించుకున్నప్పుడు అన్నారు.

ఆ ఏడాది వానాకాలంలో ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి విరేచనం ఎర్రగా లేదు, తారులా నల్లగా ఉంది. ఎరుపైతే పెద్దపేగు అనుకుంటాం. నలుపైతే నెత్తురు పైనెక్కడో కారి, జీర్ణమై దిగుతోందని అర్థం. వార్డులో చేర్చి ఎండోస్కోపీ చేశాను. జీర్ణాశయం దాటగానే చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. జీర్ణాశయపు పొర నుంచి చిన్న ముక్క తీసి పసుపురంగు జెల్ మీద పెట్టాం. చూస్తుండగానే అది గులాబీరంగుకు తిరిగింది. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉన్నదనడానికి అది గుర్తు. దాన్ని చంపకపోతే పుండు మానినా మళ్ళీ లేస్తుంది, మళ్ళీ నెత్తురు కారుతుంది. వైద్యం రెండు రకాల యాంటీబయాటిక్‌లు, వాటితోపాటు ఆమ్లం తగ్గించే మందు, రెండు వారాలు.

నేను చీటీ రాయబోతుంటే హసీనా ఆపింది. పెద్దపేగు పూత ఉన్నవాళ్ళలో ఈ బ్యాక్టీరియా తక్కువగా కనిపిస్తుందని చాలామంది గమనించారట. ఇది కడుపులో ఉండి రోగనిరోధక శక్తిని కొంత శాంతపరుస్తుందేమోనని, తీసేస్తే పేగు తిరగబడుతుందేమోనని కొందరి అనుమానం. పేగు రోగులు అప్పటికే రకరకాల యాంటీబయాటిక్‌లు మింగి ఉంటారు, అందుకే వాళ్ళలో అది తక్కువని మరికొందరి వాదన. ఏదీ తేలలేదు. ఏదేమైనా, యాంటీబయాటిక్‌లే ఒక్కోసారి పేగును రేపుతాయి.

నాకు అంగడి భాషలో అర్థమైంది. అద్దె కట్టకుండా గోడలు పాడుచేసే మనిషి ఒకడు ఇంట్లో ఉన్నాడు. కానీ వాడున్నాడనే దొంగలు రావడం లేదేమో. ఖాళీ చేయించాలా, వద్దా?

ఈ సంగతి రోగికి చెప్పకుండా మందు ఇవ్వడం న్యాయం కాదు. మంచం పక్కన కూర్చుని చెప్పాను. ఆయన అంతా విని, “అట్లయితే ధనుర్మాసం అయినాంక మొదలుపెడదాం సార్” అన్నారు. ఆ నెలంతా తెల్లవారకముందే పొంగలి పొయ్యెక్కాలి. “నేను నిలబడకపోతే మా దాయాదులు నిలబడతారు. ఒకతూరి నిలబడినోళ్ళు మళ్ళా పక్కకు జరగరు.”

ధనుర్మాసం దాకా పుండు ఆగదని నేను. ఈ పండుగొక్కటి గట్టెక్కనీమని ఆయన. చివరికి సూటిగా అడిగారు: “ఈ పురుగు పోతే నా పేగు లేస్తాదా, లెయ్యదా? ఒక్క మాట చెప్పండి.”

మా నాయన అంగడిలో ‘లేదు’, ‘తెలియదు’ అనే మాటలు నిషిద్ధం. లేని సరుకు ‘రేపొస్తాది’, తెలియని ధర ‘మీకు తెలీందేముండాది’. ఆ పెంపకంలో పెరిగినవాణ్ణి నోరు తెరిచి “తెలియదు స్వామీ” అన్నాను.

ఆయన భార్య రంగనాయకమ్మ ఊరుకోలేదు. “ఇంత పెద్దాసుపత్రి కట్టుకోని తెలీదంటారేంది సార్! మా ఊర్లో మందులంగడాయప్ప అన్నీ తెలుసంటాడు.”

“అందుకే ఆయప్ప గల్లాపెట్టె నిండుతాది, నా జేబు నిండదమ్మా” అన్నాను. ఆమె నవ్వింది. పుండు మళ్ళీ కారుతుందన్నది మాత్రం నాకు తెలుసనీ, పేగు లేస్తే అణచడానికి మందుందనీ, నెత్తురు ఎక్కువగా పోతే మడపల్లి కాదు మనిషే ఉండడనీ చెప్పాను. తెలిసిన నష్టం, తెలియని నష్టం రెండూ ముందుంటే మొదట ఏది ఆపుకోవాలో వంట చేసేవాడికి చెప్పనక్కర్లేదు. ఒప్పుకున్నారు. పేగు మాత్రలు ఒక్కరోజూ మానకూడదు, ఎర్రగా కనిపిస్తే వెంటనే ఫోను చెయ్యాలి. బేరం కుదిరింది.

మందులైపోయిన నెల తరువాత ఊపిరి పరీక్ష చేస్తాం. ఒక ద్రావణం తాగించి సంచిలోకి ఊదమంటాం. బ్యాక్టీరియా బతికే ఉంటే ఆ ఊపిరిలో దాని జాడ తెలుస్తుంది. తెలిసింది. పేగు చల్లగా ఉంది, పురుగు మాత్రం చెక్కుచెదరలేదు. ధనుర్మాసం దగ్గరికొచ్చేసింది.

మందుకు లొంగని రకం అయి ఉంటుందనీ, నాలుగు మందుల కోర్సుకు పోవాలనీ హసీనా అంది. అదీ పుస్తకం ప్రకారం సరైనదే. కానీ నాకు నాయన గుర్తొచ్చాడు. కందిపప్పు ఉడకడం లేదని ఎవరైనా తిరిగి తెస్తే, ఆయన పప్పు వైపు చూడకుండానే “ఏ నీళ్ళు పోసినావప్పా?” అని అడిగేవాడు. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన. మంచి పప్పు కూడా అందులో ఉడకదు.

వరదాచారి గారిని మందులు ఎలా వేసుకున్నారో చెప్పమన్నాను. ఒక్క పూట తప్పలేదన్నారు. చెప్పడం కాదు, వేసుకుని చూపించమన్నాను. ఫార్మసీ నుంచి అవే మందులు ఒక్కొక్కటి తెప్పించాను.

ఆయన సంచిలోంచి చిన్న వెండి గిన్నె తీశారు. యాంటీబయాటిక్ మాత్రలు రెండూ మామూలుగా మింగారు. తరువాత ఆమ్లం తగ్గించే క్యాప్సూల్ తీసుకుని, వెల్లుల్లి రెబ్బ ఒలిచినంత తేలిగ్గా రెండుగా విడదీసి, లోపలి తెల్లటి గుళికలను గిన్నెలో పోశారు. తొడుగును వేలికొనలతో పట్టుకుని బుట్టలో వేసి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగారు. ఆపైన చెంచా వెనక భాగంతో గుళికలను మెత్తగా నూరి, నీళ్ళు కలిపి తాగారు.

హసీనా నా వైపు చూసింది.

“ఆ గొట్టాన్ని పశువు ఎముకల్తో చేస్తారంట గదా సార్” అన్నారాయన, మేమే ఏదో తప్పు చేసినట్టు ఓర్పుగా. “పైది మాకు పనికిరాదు. లోపలి మందు ఒక పిసరు కూడా వదల్లేదు.”

“నూరకపోతే పళ్ళల్లో ఇరుక్కుంటాండాయని నేనే నూరమన్న్యా సార్” అంది రంగనాయకమ్మ. “మా అత్త కషాయం నూరినట్టు నూరతాడు, సూడండి ఎంత మెత్తగుండాదో!”

నిజంగానే మెత్తగా ఉంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ మందును కడుపులోని ఆమ్లమే పాడుచేస్తుంది. అందుకే ఒక్కో గుళికకూ ఆమ్లాన్ని తట్టుకునే పూత వేస్తారు. నూరితే పూత పోతుంది, మందు కడుపులోనే చెడిపోతుంది. ఆమ్లం తగ్గకపోతే యాంటీబయాటిక్ సరిగా పనిచేయదు. ఆయన నియమంలో లోపం లేదు. ఆయనకు ఏది పనికిరాదో మేమెవరమూ అడగలేదు, అంతే.

“పప్పు మంచిదే స్వామీ, నీళ్ళు ఉప్పగుండాయి” అన్నాను. వంటవాడు కాబట్టి అరక్షణంలో అర్థమైంది. “అట్లయితే నీళ్ళు మార్చల్ల” అన్నారు.

ఒకసారి ఓడిన యాంటీబయాటిక్‌ను మళ్ళీ వాడం. ఈలోగా బ్యాక్టీరియా దానికి అలవాటుపడి ఉండొచ్చు. హసీనా ఫార్మసీలో కూర్చుని, క్యాప్సూల్ అన్నది లేకుండా అన్నీ మాత్రల రూపంలో ఉండే కోర్సు తయారుచేసింది. పైపూత జంతువుది కాదని కనుక్కుని మరీ చెప్పింది. నేను ఒకటే షరతు పెట్టాను: నూరడం పొంగలిలో వేసే మిరియాలకే పరిమితం.

ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున చిత్తూరు వెళుతూ ఆ గుడి దగ్గర కారు ఆపాను. మడపల్లి గడప ఇవతలి నుంచే చూశాను. పొగలో వరదాచారి గారు గంగాళం ముందు నిలబడి గరిటె తిప్పుతున్నారు. ఒంటి మీది మడిపంచె పొడిగా ఉంది. వైద్యుడిగా అంతకంటే అడగాల్సిందేమీ కనిపించలేదు.

పండుగ తరువాత చేసిన ఊపిరి పరీక్షలో పురుగు లేదు. పుండు మానింది. నేను పనిలో ఉన్నంతకాలం పేగు కూడా లేవలేదు. పురుగును తీసేస్తే పేగు తిరగబడుతుందన్న మాట వట్టిదేనని సదస్సులో చెబుదామా అని ఉత్సాహపడ్డాను. “ఒక్క గిరాకీని చూసి సంత లెక్క కట్టొద్దని మీరే అంటారు గదా సార్” అంది హసీనా. సదస్సుకు పోలేదు. ఆ ప్రశ్నకు నా జవాబు ఇప్పటికీ వరదాచారి గారికి చెప్పినదే: తెలియదు.

తెలిసింది ఒకటి ఉంది. ఆ తరువాత పదవీ విరమణ దాకా నా ఓపీ బల్ల మీద ఒక గ్లాసు నీళ్ళు ఉండేవి. మందు పనిచేయలేదని వచ్చిన ఎవరికైనా, కొత్త చీటీ రాసేముందు ఆ గ్లాసు ముందుకు జరిపి, పాత మందు ఎలా వేసుకున్నారో చూపించమనేవాణ్ణి.