కొండ దిగిన కబురు

మా మనవరాలికి అమ్మమ్మ రాస్తున్న ఫిర్యాదు. నువ్వు స్నేహితులతో స్కీ నేర్చుకోవడానికి ఆల్ప్స్ కొండల్లోని ఆ పల్లెకు వెళ్లినది మొదలు నాకు జరిగిన అన్యాయాలు, నా పుస్తకంలో రాసుకున్న ప్రకారం, ఇవి:

సోమవారం. ఊరు చేరావు. చేరిన సంగతి నాకు మీ అమ్మ వల్ల, మీ అమ్మకు ఎవరో స్నేహితురాలు పెట్టిన ఫోటో వల్ల తెలిసింది.

మంగళవారం. కొండ పైనుంచి నవ్వుతూ ఫోటో పంపావు. కిందికి దిగినట్టు ఏ ఆధారమూ పంపలేదు.

బుధవారం. "దిగావా?" అని అడిగాను. జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చింది. ఆ వేలు కొండ పైనుంచి లేచిందో కిందినుంచి లేచిందో బొమ్మలో తెలియదు.

గురువారం. మళ్లీ అడిగితే, "చిల్ లా అమ్మమ్మా! లిఫ్ట్ ఉంది, హెల్మెట్ ఉంది, ఇన్సూరెన్స్ కూడా ఉంది" అని మీ సింగపూరు యాసలో అన్నావు. మూడింటినీ నమోదు చేసుకున్నాను. దిగావో లేదో మాత్రం అందులో లేదు.

ఈ రోజు శుక్రవారం. సింగపూరులో, పాసిర్ రిస్‌లోని మీ ఫ్లాటులో, భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. "దానికి ఇరవై ఏళ్లమ్మా, వదిలెయ్యి. నువ్వు అటెండెన్స్ తీసుకుంటే అది సెలవుకి వెళ్లినట్టా, స్కూలుకి వెళ్లినట్టా?" అంటోంది మీ అమ్మ. మీ అమ్మకు కూడా నేను పూర్తిగా చెప్పని సంగతి ఒకటుంది. అది చదివాక నాది చాదస్తమో కాదో నువ్వే తేల్చు.

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, రోడ్లు వేసే శాఖలో ఓవర్సీరైన మా నాన్నగారికి హిమాలయాల్లోని ఒక చిన్న ఊరికి బదిలీ అయింది. కాకినాడ ఎండకు అలవాటుపడిన మేము, సగం ఏడాది మంచు కింద ఉండే దేవదారు చెట్ల మధ్యకు వెళ్లి పడ్డాం. చలికాలంలో మైదానాల నుంచి కొందరు వచ్చి ఊరి వెనక వాలు మీద స్కీ నేర్చుకునేవారు. లిఫ్టు లేదు. స్కీ బద్దలు భుజాన వేసుకుని గంటసేపు ఎక్కితే, జారి దిగడం నాలుగు నిమిషాల పని. ఊరి పిల్లలతో పాటు నేనూ ఎక్కేదాన్ని. "కాలు విరిగితే మోసుకెళ్లడానికి ఇక్కడ ఎడ్లబండి కూడా లేదే తల్లీ!" అని మా అమ్మ గుమ్మంలో నిలబడి రోజూ కేకలు వేసేది.

వాలు మొదట్లో ఒక చెక్కగది ఉండేది. అందరికీ స్కీ నేర్పే తాత అందులో ఉండేవారు. ఆ గది గోడకు రెండు వరసల మేకులు. ఊళ్లో వాలు ఎక్కే ప్రతి మనిషికీ ఒక చెక్క బిళ్ల, దాని మీద ఎవరి గుర్తు వారిది. ఎక్కబోయే ముందు నీ బిళ్లను కింది వరస నుంచి తీసి పై వరసకు తగిలించాలి. దిగాక మళ్లీ కిందికి దించాలి. ఎంత ఆకలిగా ఉన్నా, ఎవరు పిలిచినా, ముందు ఆ పని. సూర్యుడు శిఖరం వెనక్కి వెళ్లగానే తాత గోడ చూసేవారు. పై వరసలో ఒక్క బిళ్ల ఉన్నా గంట కొట్టేవారు. వెతికే మగవాళ్లు కొండపైకి, కబురు ఆ ఇంటికి, రెండూ ఒకేసారి బయలుదేరేవి. నా బిళ్ల మీద నాన్నగారు మామిడికాయ చెక్కారు. మామిడికాయంటే బొత్తిగా ఎరగని ఆ ఊరు దాన్ని బాతు అని తీర్మానించింది.

ఒక మధ్యాహ్నం కొండ మీద ఉండగా, మా ఇంటి ముందు టపా కంచరగాడిద ఆగడం కనిపించింది. కాకినాడ నుంచి ఆవకాయ డబ్బా రావలసి ఉంది. ఇక నాకు చెక్కగదీ గుర్తులేదు, బిళ్లా గుర్తులేదు. అడ్డదారిన జారి తిన్నగా వంటింట్లోకి వెళ్లాను. వేడన్నంలో ఆవకాయ కలుపుకుని తింటూ ఉంటే బయట మంచు మొదలైంది. కాసేపటికి గంట మోగింది. "ఎవరి బిడ్డో పాపం!" అంది అమ్మ. నేనూ పాపం అన్నాను. మూడో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

అంతలో పక్కింటి అక్క కంబళి చేత పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. అమ్మను ఓదార్చడానికి వచ్చింది. పీట మీద ఎర్రటి చేతులతో కూర్చున్న నన్ను చూసి, కంబళి కింద పడేసి, నవ్వుతూ ఏడుస్తూ నా చెవి మెలిపెట్టి చెక్కగదికి ఈడ్చుకెళ్లింది. అప్పటికే ఏడుగురు నా కోసం పైకి వెళ్లారు. వాళ్లలో అక్క భర్త ఒకడు.

నాకు దెబ్బలు తప్పవనుకున్నాను. తాత గంటను ఆపకుండా మోగించారు. దిగి రమ్మని దాని అర్థం. ఆ తర్వాత నన్ను గోడ దగ్గర స్టూలు మీద నిలబెట్టారు. "వచ్చినవాళ్ల బిళ్ల నువ్వే దించు బేటీ" అన్నారు, అంతే. ఒక్కొక్కరే గడ్డాల నిండా మంచుతో లోపలికి వచ్చారు. ఒకాయన, "మేం మంచు తవ్వుతుంటే బాతు ఇంట్లో అన్నం తింటోందా!" అని నా నెత్తిన మొట్టాడు. ఒక్కొక్కరి గుర్తూ అడిగి దించాను. ఆరు దించాను. ఏడోది పై వరసలోనే ఉంది. అందరికన్నా ఎత్తుకు వెళ్లినవాడికి మంచులో గంట వినిపించలేదు.

అక్క నా పక్కనే నిలబడింది. నన్ను తిట్టలేదు, నా వైపు చూడనూ లేదు. ఆమె కళ్లు ఆ ఒక్క బిళ్ల మీదే ఉన్నాయి. అది ఆమె పెళ్లయిన మొదటి చలికాలం. ఎంతసేపు నిలబడ్డామో నేను చెప్పలేను. ఆ వేళ రాసుకోవాలన్న తెలివి అప్పటికి నాకు లేదు. తాత నెమ్మదిగా అన్నారు: "పైకి వెళ్లినవాడికి కొండ కనిపిస్తుంది బేటీ. కింద ఉన్నవాళ్లకి ఈ మేకే కనిపిస్తుంది."

అతను వచ్చాడు. నేను బిళ్ల దించబోతే అది జారి నేల మీద పడింది. అక్క వంగి తీసి, తానే మేకుకు తగిలించింది. తన భర్త కోసం అప్పుడు కానీ ఏడవలేదు.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఏడు ఇళ్లకూ ఆవకాయ పంచి క్షమాపణ చెప్పించింది. అది తిన్నాక, కొండెక్కడమే నయమని వాళ్లన్నారట.

ఇన్నేళ్లలో నేను గుమ్మం దాటిన ప్రతిసారీ తిరిగొచ్చానని ఎవరికో ఒకరికి చెప్పకుండా చెప్పులు విడవలేదు. నా పుస్తకంలో మీరందరూ వెళ్లిన వేళ, వచ్చిన వేళ రాయడం మీ మీద నిఘా అని నువ్వు ఒకసారి అన్నావు. కాదమ్మా. ఆ స్టూలు మీద నిలబడిన కాసేపటి బరువు తెలిసినదాన్ని, అది మీ అమ్మ మీద పడకూడదని, నా మీదా పడకూడదని రాస్తున్నాను.

కాబట్టి నువ్వు ఎన్నిసార్లు ఎక్కావని అడగను. ఎన్నిసార్లు పడ్డావని అడగను. ఈ రోజు మొదలు నువ్వు అక్కడ ఉన్న ప్రతి సాయంత్రం, స్కీ బూట్లు విప్పక ముందే, తెలుగు లిపిలో టైపు చేయడం రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లోనైనా సరే, 'దిగాను' అన్న ఒక్క మాటను, దిగిన వేళతో సహా, నీ నుంచి లిఖితపూర్వకంగా కోరుతున్నాను.