బిళ్ల చుట్టూ ఖాళీ వలయం

మా సారు పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది, ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టిన పెద్దమనిషే. శంషాబాద్‌లో పశువుల దాణా పొడులు అమ్మే కంపెనీకి మేనేజరు. "తీరని లోటండీ" అన్నాడు ఫోన్లో. గొంతు వణికించడం కూడా నేర్చాడు.

రాజేంద్రనగర్‌లో దాణా పరీక్షించే చిన్న ల్యాబు మాది. గేదె కడుపుకు మేలు చేసే బ్యాక్టీరియా అంటూ ఏ పొడి వచ్చినా సారు ముందు పొట్లం మీది రాతలు పైకి చదివేవారు. పాలు పెరుగుతాయట, ఈగలు రావట. "ఇంకా నయం, గేదె లెక్కలు చేస్తుందని రాయలేదు" అనేవారు.

తరవాత అసలు పని. ఆ బ్యాక్టీరియాను గాజు పళ్లెంలో పరిచి, పైన యాంటీబయాటిక్ అద్దిన కాగితపు బిళ్లలు పెట్టేవారు. మందుకు లొంగేదైతే మర్నాటికి బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తుంది. లొంగనిదైతే బిళ్లను ఆనుకునే పెరుగుతుంది. ఆ మొండితనం రోగక్రిములకు అంటుకుంటే, రేపు పొదుగువాపుకు ఏ ఇంజెక్షనూ పనిచేయదు.

మేనేజరు పొడిలోని బ్యాక్టీరియా బిళ్లను ఆనుకునే పెరిగింది. అతను స్వీట్ల పెట్టెతో వచ్చి, చెప్పినంత బ్యాక్టీరియా ఉంది కదా, మిగతాది ఎవరడిగారన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనైతే పొడి బాగుందని రిపోర్టు మీద సంతకం పెట్టేసేవాణ్ని. సారు పెట్టె పక్కకు నెట్టి, కంపెనీ ఆ పొడి ఉచితంగా పంచిన పాల్మాకుల ఊరి నుంచి ఒక పాడి రైతును పిలిపించారు. ఎలా వాడుతున్నావమ్మా అని అడిగారు.

"ఉడుకుడుకు కుడితిల కలిపి తాపుతున్న సారూ. సల్లగుంటే నా బర్రె మూతి పెట్టది."

అంత వేడిలో ఆ బ్యాక్టీరియా ఒక్కటీ బతకదు. సారు మేనేజరు వైపు తిరిగి, "మీ పొడి నుంచి ఆ గేదెను కాపాడింది ఆవిడ పొయ్యేనండీ. ఎలా కలపాలో చెప్పే ఓపిక కూడా లేదు మీకు" అన్నారు. ఆ రిపోర్టు మీద ఆయన సంతకం పడలేదు.

మా ల్యాబు ఆవరణలో పెట్టిన సంతాప సభకు అందరికంటే పెద్ద దండ మేనేజరుదే. మా మార్గదర్శి అంటూ మాట్లాడి, దిగగానే నా చేతిలో కొత్త పొట్లం పెట్టాడు. ఇప్పుడు సంతకం మీదే కదా, జర తొందరగా కానివ్వండన్నాడు. పాల్మాకుల అక్క కూడా వచ్చింది.

"గా సారు లేకపాయె. ఇగ మాకు ఎవరు చూసి చెప్తరన్నా?"

ఆ సాయంత్రమే పొట్లం విప్పి, పళ్లెంలో పరిచి బిళ్లలు పెట్టాను.

మర్నాడు పొద్దున ఆ కొత్త పొడి పళ్లెం వెలుతురులో పెట్టి చూశాను. బిళ్లల అంచుదాకా తెల్లగా పేరుకుపోయి ఉంది. గోడ మీద సారు ఫొటోకు మేనేజరు దండే వేలాడుతోంది. ముందు దాన్ని తీసి చెత్తబుట్టలో పడేశాను. తరవాత పళ్లెంలో చూసింది చూసినట్టు రాయడానికి పెన్ను తీశాను.