పళ్లు బిగిస్తేనే వచ్చే నవ్వు

గడ్డం గీసుకుంటుంటే ఎడమ చెవి కింద గట్టిగా ఏదో తగిలింది. రేగుపండంత గడ్డ. నొప్పి లేదు. అంబత్తూరులో లేత్ మెషీన్ మీద నా షిఫ్టుకు టైమైపోతోందని పట్టించుకోలేదు. కొన్ని వారాలకు ఎడమ కన్ను పూర్తిగా మూతపడడం మానేసింది. అప్పుడు భయమేసింది.

స్కానింగు, బయాప్సీ అయ్యాక, చెవి దగ్గర లాలాజలం తయారుచేసే పెరోటిడ్ గ్లాండ్‌లో క్యాన్సర్ అన్నారు.

"ముఖాన్ని కదిపే ఫేషియల్ నర్వ్ ట్యూమర్‌లోనే ఇరుక్కుంది. కోయక తప్పదు," అన్నాడు సర్జన్.

"మరి నా ముఖం?"

"ముందు ప్రాణం చూద్దాం."

అప్పటికి నా భార్య కల్యాణి నిండు గర్భిణి. ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. సగం ముఖం వేలాడిపోయింది. నీళ్లు తాగితే పెదవి పక్కనుంచి కారిపోయేవి. కంటికి టేపు వేసుకుని పడుకునేవాణ్ణి. మాట ముద్దగా వస్తుంటే, తొండియార్‌పేటలో మా వీధి టీ అంగడివాడు పొద్దున్నే తాగొచ్చాననుకుని పొమ్మన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా గోడవైపు తిరిగి అన్నం తిన్నాను.

పాప పుట్టింది. వాళ్లమ్మ నవ్వితే నవ్వేది. నేను వంగి నవ్వబోతే కళ్లార్పకుండా చూసి, పెదవి విరిచి ఏడ్చేది.

"ఎందుకు బతికించారు నన్ను?" అని కల్యాణి మీద అరిచాను. ఆమె మర్నాడు పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పోయి, ప్లాస్టిక్ సర్జన్ దగ్గర నాకు అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చింది.

"తొడలోంచి గ్రాసిలిస్ అనే కండ తీసి చెంపలో పెడతాం. నమలడానికి పనిచేసే నరానికి కలుపుతాం. పళ్లు బిగిస్తే నోటి మూల లేవాలి," అన్నాడాయన. "కండ నిలవకపోవచ్చు కూడా. తెలిసే ఒప్పుకోండి."

ఆపరేషన్ అయిన సాయంత్రమే చెంప ఉబ్బి నల్లబడింది. లోపల రక్తం గడ్డకట్టిందని మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయారు. కండ దక్కింది. కానీ కదల్లేదు. నెలలు గడిచాయి. ఫిజియోథెరపిస్ట్ తమిళావిడ. "కడింగ సార్, నల్లా కడింగ," అనేది, పళ్లు గట్టిగా కొరకమని. దవడ నొప్పెట్టేదాకా కొరికేవాణ్ణి. అద్దంలో ఉబ్బిన చెంప, అంతే. ఇక రానని ఆవిడకు చెప్పేశాను.

ఒక పొద్దున దోసె తింటున్నా. కల్యాణి ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"బావా, ఉండు. ఇంకోతూరి నములు."

"ఏమైంది?"

"ఈడ, నోటి మూల లేచింది."

"నన్ను ఓదార్చడానికి అబద్ధాలు చెప్పబాక."

ఆమె నా వేలు తీసి పెదవి చివర పెట్టింది. కొరికాను. వేలి కింద సన్నగా, దారం లాగినట్టు ఒక కదలిక. ఏడ్చాను. ఆ ఏడుపుకు ముఖం కుడి పక్కే వంకరపోయింది.

మళ్లీ ఫిజియోథెరపీకి పోయాను. కొరికి నవ్వడం, తర్వాత తక్కువ కొరికి నవ్వడం నేర్చుకున్నా. ఇప్పటికీ ఎవరైనా జోకేస్తే కుడి పక్క ముందు నవ్వుతుంది, ఎడమ పక్కకు నేను గుర్తుచేయాలి. కన్ను ఇంకా పూర్తిగా మూతపడదు. క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని తీసే ప్రతి స్కాన్ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. మా పాప మాత్రం ఫోటో అంటే చాలు, ముందు పళ్లు బిగించి తర్వాత నవ్వుతోంది. నవ్వడమంటే అంతే అనుకుంటోంది.

ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఒక్క మాట. ఏమీ కదలని నెలల్లో అద్దాన్ని మాత్రమే నమ్ముకోకండి. మీరు తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చుని చూడమనండి. నా మొదటి కదలికను నేను చూడలేదు.