నాడా కట్టిన గర్భసంచి

డాక్టరమ్మ పోయిందని ఆదివారం పొద్దుగాల ఫోనొచ్చింది. అప్పుడు నేను లంగాకు నాడా ఎక్కిస్తున్న. "రాత్రి మంచిగనే తిని పండుకున్నది అవ్వా, పొద్దుగాల లేవలే" అన్నది ఆమె ఇంట్ల వంటచేసే పిల్ల. కరోనా కాదు, గుండె. నాడా సగం లోపల, సగం బయట అట్లనే ఆగింది. పొద్దుగూకేదాకా దాన్ని మళ్ల ముట్టలే.

నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మనుమరాలు రాస్తున్నది. సూరత్‌ల ఉన్న మన తెలుగోళ్లందరు ఇది వినాలె, ఎందుకంటే ఆమె పోయిన వారానికే నాకొక కొట్లాట వచ్చిపడ్డది. మెడికల్ కాలేజీల ఆమె కుర్చీల కూసున్న కొత్త సారు, నేను బట్టతోని కుట్టిన గర్భసంచిని అద్దాల బీరువాల పెట్టి తాళమేస్తమన్నడు. మేడం గుర్తుగ ఉంటదంట. నేను వద్దన్న. ఎందుకు వద్దన్ననో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలె.

డాక్టరమ్మది గోదావరి దిక్కు. డాక్టరు చదువు చదివే పిల్లలకు ఆడవాళ్ల ఒళ్లు, గర్భం, కానుపు పాఠాలు చెప్పేది. నేను సూరత్‌ల లింబాయత్ బస్తీ మనిషిని. లంగాలు కుడత, చీరలకు కుచ్చులు కడత. మా అత్త దగ్గర మంత్రసాని పని నేర్చుకున్న గని, ఆస్పత్రి దగ్గరైనంక ఇంట్ల కానుపులు బంద్ చేసిన. గల్లీల ఎవరికి నొప్పులొచ్చినా ఆటోల ఎక్కించుకొని ఆస్పత్రికి తోలుకపోత.

అట్ల పోయిన ఒకనాడే ఆమెను చూసిన. మా గల్లీ పిల్ల మంచం మీద పండుకొని ఉన్నది. పది మంది పిల్ల డాక్టర్లు చుట్టూ నిలబడ్డరు. అడిగింది లేదు, చెప్పింది లేదు, ఒకడు దుప్పటి ఎత్తిండు. నేను ఊకుంటనా? "మీ అమ్మనైతే గిట్లనే చూస్తరారా? ఆమెకు నోరు లేదా, పేరు లేదా?" అని వార్డంత వినవడేటట్టు అరిచిన. నన్ను బయటికి గుంజెతందుకు ఒకాయన వచ్చిండు. వెనుక నుంచి డాక్టరమ్మ వచ్చింది. "ఆవిడని వదలండి. మీరు బయటికి పొండి" అని పిల్లలకే తలుపు చూపించింది. మళ్ల ఒక్కొక్కరినే పిలిచి, పేరు అడగమన్నది. చెయ్యి పెట్టొచ్చా అని అడగమన్నది. రెండు అరచేతులు రుద్దుకొని వెచ్చగ చేసుకున్నంకనే ముట్టుమన్నది.

ఆనాటి నుంచి ఆమె పాఠం అట్లనే మొదలయ్యేది. ముందు అడగాలె, చేతులు రుద్దుకోవాలె, అటెన్క ముట్టాలె. తిట్టు నాది. దాన్ని పాఠం చేసింది ఆమె.

నన్ను అక్కా అనేది. వాళ్లింటికి పోతే ఉప్మా పెట్టేది. ఉప్మా మీద పిడికెడు సేవ్, అదే సన్న కారప్పూస, చల్లుకొని కరకరలాడిస్తూ తినేది. "గోదావరోళ్లు చూస్తే వెలేస్తరు" అంటే, "వాళ్లకి చెప్పకు" అని ఇంకో పిడికెడు చల్లుకునేది.

లాక్‌డౌన్ వచ్చింది. కాలేజీ బంద్, పిల్లలు ఎవరిండ్లల్ల వాళ్లు. జర సందు దొరికి ఆటోలు నడవంగనే నన్ను పిలిపించింది.

"అక్కా, పిల్లలకి ఫోన్లో బొమ్మలు చూపిస్తే తలకెక్కట్లేదు. నువ్వు నాకో గర్భసంచి కుట్టిపెట్టాలి."

"అదెంత పని?" అన్న. నాలుగు రోజులల్ల కుట్టి తెచ్చిన. ఆమె దాన్ని విప్పి, మాస్కు ఊడిపోయేటట్టు నవ్వింది.

"ఏంటక్కా ఇది, గోనెసంచి కుట్టావా? కడుపు లేనప్పటిది కావాలి నాకు."

నాకేం తెలుసు? మంత్రసాని దగ్గరికి ఎవరన్న నిండు నెలలతోనే వస్తరు. నా చేతి కిందికి వచ్చినప్పుడల్లా అది గంపంత ఉండేది. ఖాళీగ ఉన్నప్పుడు తలకిందులు పెట్టిన జామకాయంతనే ఉంటదంటే నేను నమ్మలే. అబద్ధమన్న.

"ఇన్నేళ్లు కానుపులు చేశావు, నీ కడుపులో ఉన్నదెంతో నీకు తెలీదు!"

"నీకు కుట్టుడు తెలుసా?"

"తెలీదు. అందుకేగా నిన్ను పిలిచింది."

ఇద్దరం కలిసి మళ్ల కుట్టినం. జామకాయంతది ఒకటి, సాగే బనీను బట్టతోని నిండుది ఒకటి. రెండు దిక్కుల సన్నటి గొట్టాలు పెట్టి, వాటి కొసలకు చీర కుచ్చులే కట్టిన. నెలనెలా గింజ, అంటే అండం, విడుదల కాంగనే ఆ కుచ్చులు దాన్ని అందుకొని లోపలికి పంపుతయంట. బొడ్డుతాడును మూడు పాయల జడ లెక్క అల్లమన్నది. అండ్ల రెండు సన్న నరాలు, ఒకటి లావుది ఉంటదంట. ఇన్ని బొడ్లు కోసిన, ఎన్నడు లెక్కపెట్టలే! ఇగ నిండు గర్భసంచి మూతికి లంగా నాడా ఎక్కించిన. అది మాత్రం నా తెలివే. నొప్పులు వస్తుంటే మూతి ఎట్ల వదులైతదో, నాడా వదులు చేసుకుంటపోతే చాలు, చూసేటోళ్లకు తెలుస్తది. "అక్కా, ఇది నాకు తట్టలేదు" అన్నది ఆమె. ఆ మాట నాకు చీర పెట్టినంత అయ్యింది.

కాలేజీ తెరిచినంక డాక్టరమ్మ ఆ నాడా సంచిని బల్ల మీద పెట్టింది. కతర్‌గామ్ దిక్కు గుజరాతీ పిల్ల ఒకతి ఉండె, వాళ్ల నాయిన వజ్రాలు సానబడతడు. తొందర పిల్ల. అడగకుండనే వేళ్లు లోపల పెట్టింది. డాక్టరమ్మ టక్కున నాడా బిగించింది! వేళ్లు ఇరుక్కొని ఆ పిల్ల కెవ్వుమన్నది. "నన్ను అడిగావా? దాన్ని అడిగావా?" అన్నది డాక్టరమ్మ. క్లాసంత ఒకటే నవ్వుడు. అటెన్క నాడా ఒక్కొక్క సెంటీమీటరే వదులు చేసుకుంట, కండ్లు మూసుకొని వేళ్లతోనే కొలత చెప్పుమన్నది.

ఆ వేళ్లే మాకు అక్కరకొచ్చినయ్. రెండోసారి కరోనా ఎగబడ్డప్పుడు మా గల్లీ కోడలును ఆస్పత్రికి తీసుకపోయిన. మూడో కానుపు. లోపల జాగ లేదు, ఇంక టైముందని వరండాల కూసోబెట్టిన్రు. నేను అరుస్తనే ఉన్న. అటు పోతున్న కతర్‌గామ్ పిల్ల నన్ను గుర్తువట్టి ఆగింది. కోడలును పేరడిగింది, పక్క గదిల పరదా గుంజింది, చేతులు రుద్దుకొని గ్లౌజులేసుకున్నది, చూడొచ్చా అని అడిగి చూసింది. "ఏడు సెంటీమీటర్లు తెరుచుకుంది!" అని స్ట్రెచర్ కోసం ఉరికింది. గంటల ఆడపిల్ల పుట్టింది. అంత ఖాయంగ ఎట్ల చెప్పినవే అని అడిగితే, "బా, మీ నాడా ఏడుకు ఎంత వదులైతదో నా వేళ్లకు తెలుసు" అన్నది. బా అంటే గుజరాతీల అమ్మ, అవ్వ.

గిప్పుడు చెప్పుండ్రి. అద్దం వెనుక పెడితే ఏ వేళ్లకు తెలుస్తది?

నిన్న కాలేజీల ఆమె ఫొటో పెట్టి సభ చేసిన్రు. ఫొటో పక్కన సంచి. దానికీ ఒక దండ! కొత్త సారు చేతుల బీరువా తాళం. నన్ను రెండు మాటలు మాట్లాడుమన్నరు. నేను పోయి, సంచి మీది దండ తీసి ఫొటోకు వేసిన. "సారూ, దండ ఆమెకు. ఇది పనిముట్టు. చినిగితే నేను కుడత, నేను పోతే నా మనుమరాలు కుడతది. తాళమెయ్యకు" అన్న.

సారు తాళం వేళ్ల నడుమ తిప్పుకుంట నిలబడ్డడు.

అప్పుడు ముందు వరుసల నుంచి కతర్‌గామ్ పిల్ల లేచి వచ్చింది. సంచి ముందట నిలబడి జర వంగింది. మాస్కుల నుంచి, "బా, చెయ్యి పెట్టొచ్చా?" అన్నది. నన్ను కాదు, సంచిని అడిగింది.

ఎవరో నవ్విన్రు. సారు కూడా నవ్విండు, తాళం జేబుల వేసుకున్నడు. ఆ పిల్ల మాత్రం నవ్వలే. రెండు అరచేతులు దగ్గరికి తెచ్చి, డాక్టరమ్మ లెక్కనే చప్పుడొచ్చేటట్టు రుద్దుకుంట నిలబడ్డది, ఆ బట్టకు సల్లగ తగులొద్దని.