షేర్వా అడిగితే బిల్లు వేసే బోర్డు కోసం మూడు ఊళ్ళు

భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద మంచి షట్టర్ దొరికింది, హోటల్ పెడుతున్నాం అని చెప్పగానే మా మేనమామ నవ్వాడు. “చిట్యాలల ఇడ్లీలు అమ్మినట్టే అనుకుంటున్నవా స్వరూపా? గనుల మీద పనిచేసేటోళ్ళకు బ్రాండ్ గావాలె. నీ మొఖం జూసి ఎవడొస్తడు?” అన్నాడు. పన్నెండేళ్ళుగా చిట్యాలలో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం బగారన్నంతో కోడికూర పులుసు, అదే షేర్వా, పెడుతున్న మొహం ఇది. ఒళ్ళు మండిపోయింది. అయినా ఆయన మాటను పూర్తిగా కొట్టిపారేసే ధైర్యమూ లేదు. ఎందుకంటే మేం పెట్టబోయే డబ్బు, టేకుమట్లలో మా బాపు నా పేరు మీద రాసిచ్చిన అరెకరం అమ్మితే వచ్చింది. అది పోతే మళ్ళీ రాదు. పేరున్న కంపెనీ ఫ్రాంచైజీ తీసుకోవాలా, సొంతంగా పెట్టుకోవాలా అన్నది కళ్ళతో చూసి తేల్చుకుందామని బయలుదేరాను. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఆ ఒక్కరోజు సంగతి రాస్తున్నాను.

మా ఆయన దుకాణం చూసుకుంటానని ఆగిపోయారు. మా ఊరి ఖాజన్న కారు మాట్లాడుకున్నాను. డీజిలుతో కలిపి రోజంతా నాలుగున్నర వేలు. ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి తీరిక ఉన్నవాళ్ళు పరకాల మీదుగా హన్మకొండకు, అక్కణ్ణుంచి జనగామకు పైసా ఖర్చు లేకుండా వెళ్ళొచ్చు. కానీ చివరికి మేం తిరిగినట్టు ఒక్కరోజులో జనగామ, మహబూబాబాద్ రెండూ చూసి తిరిగి రావాలంటే బస్సులతో కాదు. ఆరింటికి బయలుదేరి పరకాలలో చాయ్ తాగి, హన్మకొండ దాటి జనగామ చేరేసరికి తొమ్మిదిన్నర. దారి పొడుగునా ఖాజన్న ఒకటే ప్రశ్న: “చెల్లె, వాళ్ళ పేరు పెట్టుకునేదానికి మనం పైసలిచ్చుడేంది? వాళ్ళ పేరు మనం మోస్తున్నందుకు వాళ్ళే మనకియ్యాలె గద?” నేను నవ్వేశాను.

మేం తీసుకుందామనుకున్న కంపెనీ బిర్యానీని గిన్నెల్లో, డబ్బాల్లో పెట్టి అమ్ముతుంది. ఆర్డరిచ్చిన ఐదు నిమిషాల్లో చేతికిస్తారు, మనమే తెచ్చుకుని కూర్చుని తినాలి. జనగామలో ఉన్న వాళ్ళ దుకాణంలో ఏరియా మేనేజర్ మర్యాదగానే కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. పేరు వాడుకున్నందుకు ఐదు లక్షలు, అది తిరిగి రాదు. వంట సామాను, లోపలి అలంకరణ వాళ్ళు చెప్పిన మనుషుల దగ్గరే చేయించుకోవాలి, పద్నాలుగు లక్షలు. డిపాజిట్ రెండు లక్షలు. మొదటి సరుకూ, షట్టర్ అడ్వాన్సూ కలిపితే ఇరవై నాలుగుకు పైనే తేలింది. బాపు అరెకరం సరిపోదు, బ్యాంకు లోను ఎత్తాల్సిందే. ఆరువందల చదరపు అడుగుల జాగా మెయిన్ రోడ్డు మీదే ఉండాలి, త్రీఫేజ్ కరెంటు ఉండాలి, బండ్లు ఆపుకునే చోటుండాలి. ఆహార భద్రత లైసెన్సు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ మనమే తెచ్చుకోవాలి. ఆపైన అమ్మిన ప్రతి వంద రూపాయల్లో ఆరు కంపెనీకి, రెండు ప్రకటనలకు. ఇది లాభం మీద కాదు, అమ్మకం మీద. నష్టమొచ్చిన నెలలో కూడా ఆ ఎనిమిదీ కట్టాల్సిందే. ఈ ముక్క ఆయన చివర్లో, కొంచెం చిన్న గొంతుతో చెప్పాడు. మీరు మాత్రం మొదటే అడగండి.

తర్వాత హైదరాబాద్‌లో పదిహేను రోజుల శిక్షణ గురించి చెప్పాడు. కౌంటర్ దగ్గర ఏం మాట్లాడాలో కూడా వాళ్ళే నేర్పుతారట. “నేనైతే ‘ఏం తింటవు బిడ్డా’ అని అడుగుత సార్, మా దగ్గర గట్లనే అడుగుతరు” అన్నాను. ఆయన నవ్వి, “ఆ యాస కొంచెం తగ్గించుకుంటే ప్రొఫెషనల్‌గా ఉంటుంది మేడమ్” అన్నాడు. “భూపాలపల్లిల తినేటోళ్ళకు గీ యాసనే ఉంటది సార్. వాళ్ళను గూడ తగ్గించుకొమ్మంటరా?” అన్నాను. ఆయన మంచినీళ్ళ సీసా నా ముందుకు జరిపాడు.

పన్నెండు దాటాక ఖాజన్నా నేనూ చెరొక గిన్నె కొనుక్కుని కూర్చున్నాం. ఒక్కోటి నూట ఎనభై. నిజం చెప్పాలి, రుచిగానే ఉంది, బల్ల అద్దంలా ఉంది. మా పక్కనే మార్కెట్ యార్డుకు వడ్లు తెచ్చిన పెద్దాయన ఒకరు తింటున్నారు. సగం తిన్నాక గిన్నె పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళి, “జర షేర్వా పొయ్యి బిడ్డా” అన్నారు. మన దిక్కు బిర్యానీ తినే మనిషి ఇది అడగకుండా లేవడు. హోటలాయనా కాదనడు. కౌంటర్లో ఉన్నమ్మాయి, “ఎక్స్‌ట్రా గ్రేవీ ముప్పై రూపాయలు సార్” అంది. పెద్దాయన కోప్పడలేదు, ఆశ్చర్యపోయారు. “షేర్వకు పైసలా? మా ఇంటికి రా బిడ్డా, గంటెతోని గాదు, చెంబుతోని పోస్త” అని గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. మేనేజర్ నా వైపు తిరిగి, “ఒక్కరికి పోస్తే అందరూ అడుగుతారు మేడమ్” అన్నాడు. “అడుగుతరు సార్. మా దగ్గర అడుగుతరనే ఇంక రెండు చెంబుల నీళ్ళు పోసి, ఇంకింత మసాలా ఏసి వండుతం” అన్నాను.

సాయంత్రం ఐదింటిలోపు రెండు లక్షలు టోకెన్ పంపితే మేనేజర్ భూపాలపల్లి మాకే రాసేస్తానన్నాడు. లేకపోతే ఇంకో పార్టీ తయారుగా ఉందట. “ఈ దిక్కు మీయి ఇంకెక్కడున్నయి?” అని అడిగాను. మహబూబాబాద్‌లో ఒకటి ఉండేది, నడిపేవాళ్ళ సమస్యతో మూతపడింది అన్నాడు. అంతే, కారెక్కగానే “మానుకోట పోనియ్యి ఖాజన్నా” అన్నాను. మహబూబాబాద్‌ను మేం అలాగే అంటాం.

పాలకుర్తి, తొర్రూరు మీదుగా రెండు గంటల పైనే పట్టింది. మూతపడ్డ ఆ బిర్యానీ దుకాణం ఎక్కడని ఆటోలవాళ్ళను అడిగితే ఇట్టే చెప్పారు. షట్టర్ మీద పాత బోర్డు ఇనుప చట్రం ఇంకా వేలాడుతోంది. కింద, ఒకప్పుడు ఆ దుకాణం నడిపిన రఫియా అక్క పెనం మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. పక్కన పెద్ద డేగ్చాలో మటన్ షేర్వా ఉడుకుతోంది. వచ్చిన పని చెప్పగానే, “ముందు తినుండ్రి, గా ముచ్చట కడుపు నిండినంక చెప్త” అంది. రెండు రొట్టెలు, గిన్నె షేర్వా ఎనభై రూపాయలు. గిన్నె అడుగు కనబడకముందే, అడగకముందే, ఇంకో గంటె పోసింది.

“మొదటి నెల నిలవడానికి జాగ లేదు చెల్లె, అబద్ధం చెప్పద్దు” అంది రఫియా అక్క. “బోర్డుకు జనం వచ్చిర్రు. శుభ్రం, బిల్లు కొట్టుడు వాళ్ళ దగ్గర్నే నేర్చుకున్న. కని షేర్వకు ముప్పై అంటే నాకే నోరు రాకపాయె. మన ఇంటికొచ్చినోడు షేర్వా అడిగితే పైసలడుగుతమా? ఎనకాల చిన్న పొయ్యి పెట్టి, నా ఇంటి షేర్వా వండి అందరికి పైసల్లేకుంట ఊకెనే పోసిన. వాళ్ళు చెకింగుకు వచ్చి డేగ్చా జూసిర్రు. బయటి వంట పెట్టినవని అగ్రిమెంట్ రద్దు జేసిర్రు. డిపాజిట్ల కోత గూడ పెట్టిర్రు.”

“మరి బిర్యానీ ఎందుకు వండుతలేవు అక్కా?” అన్నాడు ఖాజన్న.

“రెండేండ్లు గీ ఊర్ల బిర్యానీ అమ్మొద్దని సంతకం పెట్టిచ్చుకున్నరు అన్నా! నా ఊర్ల, నా చేతి బిర్యానీ నేను అమ్మొద్దంట!” అని రొట్టెను చేత్తో చరిచి పెనం మీద వేసింది. “రొట్టె అమ్మొద్దని రాయలే. షేర్వా పొయ్యొద్దని గూడ రాయలే. పోస్తున్న. ఎవడాపుతడో రమ్మను.”

“ఫ్రాంచైజీ తీసుకోవద్దంటవా?” అని అడిగాను.

“నేను వద్దన. నీ పైసలు, నీ ధైర్యం. షేర్వకు పైసలడిగే నోరు నీకుంటే తీసుకో.”

నేను ఇంకా నములుతూనే ఉన్నాను, మేనేజర్ ఫోన్ మోగింది. “మేడమ్, టోకెన్?” అన్నాడు.

“సార్, అగ్రిమెంట్ల ఒక్క మాట రాయుండ్రి. అడిగినోళ్ళకు షేర్వా ఊకెనే పోస్త అని. ఇప్పుడే పంపుత.”

అవతల పెద్దగా నవ్వు. “ఐదేళ్ళ అగ్రిమెంట్‌లో షేర్వా గురించి రాయమంటారా మేడమ్?”

“రెండేండ్లు బిర్యానీ వండొద్దని రాసినోళ్ళకు గీ ఒక్క మాట బరువైతదా సార్? టోకెన్ పంపుతలేను. భూపాలపల్లి ఆ ఇంకో పార్టీకే ఇయ్యుండ్రి. వాళ్ళ ఎదురుంగనే నేను పెడుత.” ఫోన్ పెట్టేశాను. భయం కూడా ఉంది, ఎందుకు లేదనాలి? రఫియా అక్క నా గిన్నెలో ఇంకో గంటె పోసింది.

గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి మీదుగా ఇంటికొచ్చాం. మధ్యలో అడవి దారి వస్తుంది, కొత్తవాళ్ళు పొద్దుండగానే దాటేయడం మంచిది.

ఇప్పుడు భూపాలపల్లిలో మా షట్టర్ మీద నా పేరే ఉంది. పాత సామాను కొని, రంగులు మేమే వేసుకుంటే మొత్తం పదకొండు లక్షల్లో తేలింది. లైసెన్సులన్నీ తెచ్చుకున్నాం. బిల్లు మిషను పెట్టాం, బల్లలు ఆ కంపెనీవాళ్ళలాగే తుడుస్తాం. మంచి ఎవరి దగ్గరున్నా నేర్చుకోవాలి, అందుకు సిగ్గెందుకు? పెట్టిన డబ్బు ఇంకా చేతికి రాలేదు. నిలబడతామో లేదో రాసిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఇంకో పార్టీ మాత్రం ఇంతవరకు ఎదురుగా రాలేదు, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మొన్న మా మేనమామ వచ్చి ఫ్యాను కింద కూర్చుని తిన్నాడు. సగమయ్యాక గిన్నె ఎత్తి, “జర షేర్వా పొయ్యి స్వరూపా” అన్నాడు. పోశాను.

మీరు కూడా ఫ్రాంచైజీ కోసం బయలుదేరితే చేయాల్సిన పని ఒకటుంది. సంతకానికి ముందు ఆ కంపెనీ దుకాణానికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, డబ్బు పెట్టి తిని, సగంలో లేచి షేర్వా అడగండి. అక్కడ మీకు ఏ జవాబు వస్తుందో, రేపు మీ ఊరివాళ్ళకు మీ నోటితో మీరు అదే జవాబు చెప్పాలి.