మునిరత్నమ్మ కంప్యూటర్, వాళ్లమ్మ చీర అంచు

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మునిరత్నమ్మ ఇంటి కంప్యూటర్ ఆయుధపూజ నాడు పసుపు నీళ్లు తాగి చచ్చిపోయింది. పోసింది పరాయివాళ్లయితే నాలుగు తిట్టి ఊరుకునేది. పోసింది కట్టుకున్నవాడే.

వెంకటరమణప్ప పుట్టు నేతగాడు. ఆ ఇంట్లో ఆయుధపూజ అంటే మగ్గం, పోగు నడిపే నాడె, కత్తెర అన్నీ తుడిచి, బొట్లు పెట్టి, మామిడాకుతో పసుపు నీళ్లు చల్లాల్సిందే. ఏడాదంతా అన్నం పెట్టే వస్తువుకు ఆ ఒక్కరోజైనా మనం చాకిరీ చేయాలని ఆయన పట్టు. మోకాళ్లు పట్టేసి రెండేళ్లుగా ఆయన మగ్గం గుంతలోకి దిగలేదు. ఇప్పుడు అన్నం పెడుతున్నది కంప్యూటరే కనుక మొదటి పూజ దానికే అన్నాడు. నల్లటి అద్దానికి ఏం దండం పెడతామని దాన్ని వెలిగించి, తెర నిండా లక్ష్మీదేవి బొమ్మ పెట్టించాడు. బంతిపూల దండ వేశాడు, హారతి ఇచ్చాడు, గుడిలో చల్లినట్టు ధారాళంగా చల్లాడు. పెట్టె పైన గాలి కోసం ఉండే సందుల్లోకి నీళ్లు దిగాయి. టప్పుమంది. కమురు వాసన వచ్చింది. లక్ష్మి వెళ్లిపోయింది.

"నీ పూజకు మెచ్చి పోయినట్టుండాదిలే తల్లి," అంది మునిరత్నమ్మ. ఆమె నోరు అలాంటిది. ఆయన ఆ రోజు పొంగలి కూడా ముట్టలేదు.

మునిరత్నమ్మ చదివింది మూడో తరగతి. లెక్క మాత్రం వేళ్ల మీద ఎంతదాకా అయినా పోతుంది. పట్టుచీర అంచులకు డిజైన్లు వేయడం ఆమె పని. ఒకప్పుడు గళ్ల కాగితం మీద రంగు పెన్సిలుతో ఒక్కో గడి నింపేది. ఆ గళ్లను చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలను బట్టి మగ్గం పువ్వు నేస్తుంది. కళ్లు మసకబారాక, మూతపడుతున్న ఒక నెట్ సెంటర్‌లో పాత కంప్యూటర్ కొనుక్కొచ్చి, నలభై ఏడేళ్ల వయసులో మౌస్ పట్టుకోవడం నేర్చుకుంది. అది ఎలుకపిల్లలా చేతికింద నుంచి పారిపోయేది. మూడు నెలలు తిట్టింది. నాలుగో నెల నుంచి అది మాట విన్నది.

చీరలు నేయించే మాస్టర్లకు వేసిన డిజైన్లన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి, వాటికి దిగులు లేదు. ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, చూపలేదు. అది వాళ్లమ్మ పెళ్లిచీర అంచు. ఆ చీర ఇప్పుడు లోకంలో లేదు. పుంగనూరులో ఉండే అక్క సిద్ధమ్మ ఇరవై ఏళ్ల కిందట, బోరులో దుమ్ము లేచిన ఏడు, పాత జరీ కొనేవాడికి దాన్ని అమ్మేసింది. వాళ్లు చీరను కాల్చి వెండి తీసుకుంటారు. "అమ్మను రెండుసార్లు కాల్చినావు గదే," అని మునిరత్నమ్మ ఆనాడే అనేసింది. ఆ మాట తర్వాత అక్కాచెల్లెళ్లు పెళ్లిళ్లలో ఎదురుపడితే తిన్నారా అంటే తిన్నారా అనుకోవడమే.

ఆ అంచును మూడేళ్లుగా, పని అయిపోయాక, జ్ఞాపకం వచ్చినంత మేరకు గడి గడిగా కంప్యూటర్‌లో పెంచుకుంటూ వచ్చింది. వరుసగా నడిచే హంసలు. ఒక తోక సరిగ్గా రావడానికి ఒక చలికాలం పట్టింది.

మదనపల్లెలో రిపేరు చేసే రాజగోపాల్ పెట్టె విప్పి లోపల పసుపు మరక చూసి, నవ్వు ఆపుకొని, లోపలి బోర్డు పోయిందనీ, డిజైన్లు దాచుకునే డిస్కు కూడా కాలిందనీ చెప్పాడు. కుప్పంలో లోకేష్ అనే అతను కాలేజీలవాళ్లు తీసేసిన ల్యాప్‌టాప్‌లు బాగుచేసి తక్కువకు ఇస్తాడట. బెంగుళూరులో డిస్కులు బతికించేవాళ్లూ అతనికి తెలుసట. గళ్లు వేసే సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి పంపాడు.

చీటీ ఎత్తిన తొమ్మిది వేలు రవికెలో, డిస్కు తువ్వాల్లో చుట్టుకొని మునిరత్నమ్మ కుప్పం బస్సెక్కింది. ఆ తువ్వాలు మూటను ఒళ్లో చంటిబిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకుంది. వి.కోట దాటేదాకా చెయ్యి దాని మీద నుంచి తీయలేదు.

లోకేష్ పాతికేళ్లవాడు, మర్యాదస్తుడు. డిస్కు తిప్పి చూసి, ఎంత తెచ్చిందో అడిగి, పక్కన పెట్టాడు.

"రెండిట్లో ఒగటే అయితాదమ్మా. బెంగుళూరుకు పంపితే ఈ దుడ్డంతా దానికే సరి. వస్తాదని మాటియ్యలేను. ల్యాప్‌టాప్ తీసుకుంటే రేపట్నుంచే పని సేసుకోవచ్చు."

ఆమె డిస్కును తన వైపు జరుపుకుంది.

"అంతగా ఏముండాది దీంట్లో?"

"మా అమ్మ సీర అంచు."

"ఫోటోనా?"

"ఫోటో ఉంటే నీకాడికి యాల వస్తానప్పా."

అతను టీ చెప్పాడు. టీ చల్లారింది. సంక్రాంతికి మాస్టరు అడిగిన అంచులు నాలుగున్నాయి. ఇంట్లో మోకాళ్లకు నూనె రాసుకుంటూ, తప్పు చేసిన పిల్లాడిలా ఇరవై రోజులుగా తలెత్తని మనిషి ఉన్నాడు. తువ్వాల్లో మూడేళ్ల హంసలున్నాయి. ఇటు చూసింది, అటు చూసింది. చివరికి రవికెలోంచి డబ్బు తీసి, "అన్నం పెట్టేదే ఇయ్యప్పా," అంది. డిస్కును మళ్లీ తువ్వాల్లో చుట్టుకుంది. అతను పారేస్తానన్నాడు, ఆమె ఇవ్వలేదు.

తిరుగు బస్సులో కళ్లు మూసుకొని హంసలను గుర్తు తెచ్చుకోబోయింది. మొదటిది వచ్చింది. రెండోదానికి మెడ రాలేదు. అప్పుడు భయం పట్టుకుంది ఆమెకు. ఆ చీరను చూసిన కళ్లు లోకంలో ఇంకొక జతే ఉన్నాయి. పుంగనూరు స్టాండులో బస్సు ఆగితే, మదనపల్లెకు తీసుకున్న టికెట్టు చేతిలోనే ఉండగా, దిగేసింది.

సిద్ధమ్మ వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. చెల్లెల్ని చూసి చేట పక్కకు జరపలేదు.

"దోవ తప్పినావా?"

"బస్సు ఆగింది, దిగినా."

"రోజూ ఆగతానే ఉండాది."

మునిరత్నమ్మ కూర్చుంది. జరిగిందంతా చెప్పింది: పూజ, పసుపు నీళ్లు, కుప్పం, పోయిన అంచు. అక్క ముఖంలోకి చూడకుండా చెప్పింది. పసుపు నీళ్ల దగ్గర సిద్ధమ్మ పెదవి కొంచెం కదిలింది, అంచు మాట దగ్గర ఒలిచే చెయ్యి ఆగింది.

"ఎట్ల గీసినావు? సూపీ."

బ్యాటరీ నిలవని ల్యాప్‌టాప్. మిక్సీ తీసి ఆ ప్లగ్గులో పెట్టారు. మునిరత్నమ్మ గుర్తున్న ఆ ఒక్క హంసను వేసి, పక్కన దాన్నే మళ్లీ పెట్టింది, వెనక మరొకటి. సిద్ధమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకొని దగ్గరికి వంగింది.

"ఇది మనమ్మ సీర కాదు. యా అంగడి సీరో."

"మూడేండ్లు గీసినా నేను."

"గీసినావులే. బాతులు కుంటకు పొయ్యే మాదిరి అన్నీ ఒగేపక్క పోతాండాయి. మనమ్మ సీరలో రెండు ఎదురుబొదురు సూసుకుంటాయి. ఆ పక్క రెండు ఈపు తిప్పుకోనుంటాయి. మనం కొట్లాడితే అమ్మ అంచు సూపించి, ఇది అక్క, ఇది సెల్లెలు, మళ్లా తిరుక్కుంటాయిలే అనేది. నువ్వు సిన్నబిడ్డవి, నీకేం తెలుసు."

మునిరత్నమ్మ మొదటిసారి అక్క ముఖంలోకి చూసింది. "నీకింత బాగా ఎట్ల గుర్తుండాదక్కా?"

సిద్ధమ్మ తెర మీద నుంచి చూపు తీయకుండానే చెప్పింది.

"జరీవాడు వస్తానన్న పొద్దు, తెల్లార్నుంచి దాన్ని ఒళ్లో పెట్టుకోని కూసున్యా. ఆడ్నుంచి ఈడిదాకా ఏలితో తడుముకున్యా. అమ్మేవాళ్లు సూసినట్ల ఎవురూ సూడర్లే మునీ."

ఇరవై ఏళ్లలో అక్క ఆ పేరుతో పిలవడం అదే మొదలు. మునిరత్నమ్మ రెండో హంస మీద నొక్కింది. అది గిరుక్కున తిరిగి మొదటిదానికి ఎదురుగా నిలబడింది. తోక కొంచెం దించమంది సిద్ధమ్మ, దించింది. మెడ అంత వంపు లేదంది, తీసింది. ఒక్కో గడికీ ఇద్దరూ వాదులాడుకున్నారు.

"రెండు ముక్కుల నడుమ ఏముండింది?" అడిగింది మునిరత్నమ్మ.

సిద్ధమ్మ వేలు తెర దాకా వచ్చి ఆగింది.

"అది నాకూ తెల్దు. ఆడ జరీ అరిగిపోయిండింది. పువ్వో, కాయో. అమ్మను అడగల్ల."

ఇంటికి ఫోను చేసి, మిషను బాగుందని, పొద్దున మొదటి బస్సుకు వస్తానని మునిరత్నమ్మ వెంకటరమణప్పకు చెప్పింది. తర్వాత చేటను ఇద్దరి మధ్యకు లాక్కుంది. ఎదురెదురుగా నిలబడ్డ రెండు హంసలు, నడుమ ఖాళీగా అయిదు గళ్లు. కాయలు ఒలుస్తూ అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ ఖాళీ వంకే చూస్తూ కూర్చున్నారు.