పసుపు కుంకుమ గుర్తు

దసరా పోయిన మూడో మంగళవారం, పొద్దున పది గంటలకు మా ఆయన మిరప చేలో పురుగుల మందు కలిపాడు. గంట నాకెట్లా తెలుసంటే, కొత్తగూడెం పోయే పది గంటల బస్సు అప్పుడే రోడ్డు మీద హారన్ కొట్టింది.

మందు తెచ్చింది నేను. ముందురోజు కారేపల్లిలో కొట్టాయన రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. రెండింటి మీదా మూల మీద నిలబెట్టిన చదరం ఉంది. ఒకదాంట్లో పుర్రె, ఎముకలు, కింద ఎరుపు. ఇంకోదాంట్లో పుర్రె లేదు. పైన ఎర్ర అక్షరాలు, కింద పసుపు రంగు. నాకు అక్షరాలు రావు. రంగులు వచ్చు.

“పుర్రెది వద్దు. ఆ పసుపు కుంకుమ పెట్టింది ఇయ్యి,” అన్నాను.

“డబ్బాకి బొట్టేంటమ్మా?” అని కొట్టాయన నవ్వాడు గానీ ఇచ్చేశాడు.

చేలో మా ఆయన ఆ డబ్బా చూసి, నీళ్లు మోస్తున్న మా ఆడబిడ్డతో అన్నాడు: “సూసినవా చెల్లే, మీ వదిన పురుగుల మందుకు గూడ బొట్టు సూసి తెచ్చింది.”

“పుర్రె లేదు గదా, మెత్తటిదే. కట్టె కోసం ఏం దేవులాడుతవ్, చేత్తోనే కలుపు,” అన్నాను.

కలిపాడు, మోచేతి దాకా. కొట్టేటప్పుడు ఎదురుగాలి. చొక్కా తడిసిపోయింది. మధ్యాహ్నం గట్టు మీద కూలబడి, “కండ్లు మసకైతున్నయే,” అన్నాడు. నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట. పక్క చేను కోయ అన్న ఎడ్లబండి కట్టాడు.

దవాఖానాలో డాక్టరు సూది వేస్తూ, “ఏం మందు?” అన్నాడు.

“పసుపు కుంకుమ గుర్తుది సారూ.”

“పూజ గురించి కాదమ్మా, మందు పేరు చెప్పు!”

డబ్బా చేలోనే ఉండిపోయింది. ఆడబిడ్డ ఉరికి తెచ్చేసరికి పొద్దు వాలింది. మా ఆయన అప్పటికే పోయాడు.

ఏళ్లు గడిచాక వయోజనుల బడిలో చదువు నేర్చాను. ఒకరోజు అక్కడికి వ్యవసాయ అధికారి వచ్చి అలాంటి డబ్బానే చూపించాడు. ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివాను. విషం.

“విషాన్ని ఎట్ల కొలుస్తరు సారూ?”

“ఎలుకలకు తినిపిస్తారమ్మా. ఎంత పెడితే వాటిలో సగం చస్తాయో చూసి, కిలో బరువుకు లెక్కగడతారు. యాభై మిల్లీగ్రాముల లోపే చస్తే ఎరుపు. ఐదు వందల లోపైతే పసుపు. తర్వాత నీలం, ఆఖరుకు ఆకుపచ్చ. అంకె ఎంత చిన్నదైతే విషం అంత పెద్దది.”

“తినకుండ, ఒంటి మీద పడితే?”

“తోలుకు వేరే లెక్క ఉంది. అదీ కొలుస్తారు.”

నేను మెత్తటిదనుకున్నది ఎరుపు పక్క మెట్టే. సగం ఎలుకలు బతుకుతాయని వింటే నాకు కోపం వచ్చింది. ఎలుకల మీద కోపమేమిటో చెప్పలేను.

ఆ రోజు చేలో ఉన్నది నలుగురం. మందు కలిపిన మా ఆయన. నీళ్లు మోసిన ఆడబిడ్డ. బండి కట్టిన కోయ అన్న. చేత్తోనే కలపమన్న నేను.